వాలు పలక నుంచి గోళీల దాకా: ప్రయోగాల వరసలో భౌతికశాస్త్రం నేర్చుకోవడం

పాఠ్యపుస్తకంలో సూత్రం ముందొస్తుంది, దాన్ని సరిచూడటానికి ప్రయోగం వెనక వస్తుంది. చరిత్రలో జరిగింది చాలావరకు దీనికి తలకిందులు. ముందు ఎవరో ఏదో కొలిచారు, వచ్చిన అంకె అనుకున్నదానితో కుదరలేదు, ఆ కుదరకపోవడంలోంచి సూత్రం పుట్టింది. అదే వరసలో నేర్చుకుంటే సూత్రాలు బట్టీ పట్టాల్సిన అవసరం బాగా తగ్గుతుంది. అందుకు పెద్ద ప్రయోగశాలేమీ అక్కర్లేదు. అల్యూమినియం ఎల్-యాంగిల్, స్టీలు బేరింగ్ బంతి, దారం, దిక్సూచి, ఎనామిల్ రాగితీగ, ఎర్ర లేజర్ పాయింటర్, 0.1 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ త్రాసు, విద్యుత్తును కొలిచే మల్టీమీటర్, అయస్కాంతం, గోళీలు ఉంటే, మిగతావి ఇంట్లో దొరికేవాటితో కింద చెప్పేవన్నీ అయిపోతాయి.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పాటించాలి. కొలవకముందే ఎంత రావాలో లెక్కగట్టి నోటుబుక్కులో రాసేయాలి, అదీ పెన్నుతో. పెన్సిల్‌తో రాస్తే కొలిచాక చెరిపి సరిదిద్దాలనిపిస్తుంది. పేజీలో ముందు అంచనా, దాని కింద కొలతలు (సగటు ఒక్కటే కాదు, వచ్చినవి వచ్చినట్టు అన్నీ), ఆ కింద రెండింటికీ తేడా, ఆ తేడాకు కారణం. ఈ చివరి గడి నింపడానికే ఎక్కువ సమయం పడుతుంది. నేర్చుకునేదంతా అక్కడే ఉంది.

గెలీలియో వాలు

పైనుంచి పడే వస్తువు చేతి గడియారాలకు అందనంత త్వరగా పడిపోతుంది. ఆ పడటాన్ని నెమ్మది చేయడానికి గెలీలియో వాలును వాడుకున్నాడు. 1638లో అచ్చయిన వర్ణన ప్రకారం 12 మూరల పొడవున్న చెక్కలో గాడి తీసి, నున్నగా తోలుకాగితం అతికించి, కంచు బంతిని దొర్లించాడు. కాలాన్ని నీళ్లతో కొలిచాడు. పెద్ద పాత్ర అడుగున సన్నని గొట్టం పెట్టి, బంతి దొర్లినంతసేపు కారిన నీటిని తూకం వేశాడు.

మీకు 2 మీటర్ల ఎల్-యాంగిల్ చాలు. మూల కిందికి వచ్చేలా, ‘వి’ ఆకారపు గాడిలా పెట్టండి. ముందు సమతలంగా ఉంచి బంతిని వదలండి. దొర్లితే బల్లే వాలుగా ఉన్నట్టు, చివర కాగితం మడతలు పెట్టి సరిచేయండి. తర్వాత ఒక కొసను సరిగ్గా 5 సెం.మీ. ఎత్తండి. పొడవునా దారం లాగి కట్టి మధ్యలో కుంగుతోందేమో చూడండి. కుంగితే మధ్యలో ఒక ఆధారం పెట్టాలి. లేకపోతే మొదటి సగంలో వాలు ఎక్కువ, రెండో సగంలో తక్కువ అయి లెక్కంతా చెడుతుంది.

బంతి బయల్దేరే చోటు నుంచి 12, 48, 108, 192 సెం.మీ. దగ్గర గీతలు పెట్టండి. ఇవి 12ను 1, 4, 9, 16తో గుణిస్తే వచ్చే దూరాలు. దూరం కాలవర్గాన్ని బట్టి పెరిగేటట్టయితే ఈ గీతల్ని బంతి సమాన వ్యవధుల్లో దాటాలి. బంతిని వేలితో పట్టుకుని వదిలితే తెలియకుండానే చిన్న తోపు పడుతుంది. ముందు స్కేలు అడ్డం పెట్టి, దాన్ని చటుక్కున వాలు కిందివైపుకి లాగేయండి. బంతి ముందంచుతో మొదలుపెడితే ప్రతి గీత దగ్గరా ముందంచునే చూడాలి.

ఇప్పుడు అంచనా. గురుత్వ త్వరణం 9.8, వాలు 5/200, అంటే త్వరణం 0.245 మీ./సె². 1.92 మీటర్లు దొర్లడానికి 3.96 సెకన్లు పట్టాలి. రాసిపెట్టుకుని కొలవండి. దాదాపు 5.3 సెకన్లు వస్తుంది.

ఇక్కడ నూటికి తొంభైమంది ‘ఘర్షణ’ అని రాసి పేజీ తిప్పేస్తారు. తిప్పకండి. అది ఘర్షణో కాదో తేల్చే పరీక్ష ఒకటుంది. కొసను 10 సెం.మీ.కి ఎత్తి మళ్లీ కొలవండి. లెక్క ప్రకారం 2.80 రావాలి, మీకు 3.76 చుట్టుపక్కల వస్తుంది. రెండుసార్లూ కొలత అంచనాకు 1.34 రెట్లే. దొర్లుడు ఘర్షణ త్వరణంలోంచి ప్రతిసారీ దాదాపు ఒకే మొత్తాన్ని తగ్గిస్తుంది కాబట్టి, వాలు పెరిగేకొద్దీ దాని ప్రభావం పలచబడాలి. ఇక్కడ పలచబడలేదు. అసలు కారణం, బంతి జారడం లేదు, దొర్లుతోంది. కిందికి దిగేటప్పుడు వచ్చే శక్తిలో కొంత ముందుకు పోవడానికి, కొంత గిరగిరా తిరగడానికి ఖర్చవుతోంది. గట్టి గోళం చదునైన పలక మీద దొర్లితే త్వరణం 5/7 వంతే మిగులుతుంది. 90 డిగ్రీల గాడిలో అయితే బంతి రెండు పక్కల ఆనుతుంది, ఒక చుట్టుకి తక్కువ దూరం పోతుంది, అంటే అదే వేగానికి ఎక్కువ తిరగాలి. అక్కడ మిగిలేది 5/9 వంతు. 9/5కి వర్గమూలం 1.34. నమ్మకం కుదరకపోతే అదే బంతిని అదే ఎత్తున్న చదును పలక మీద వదలండి. 5.3 కాదు, 4.7 వస్తుంది.

దూరానికీ కాలానికీ ఉన్న నిష్పత్తి గెలీలియోకు చక్కగా దొరికింది. కానీ ఈ వాలు నుంచి నేరుగా పడే వస్తువు త్వరణం రాబట్టడానికి అవసరమైన భ్రమణ శక్తి లెక్క ఆ కాలానికి లేదు.

స్టాప్‌వాచ్‌తో మొదటి గీతను కొలవడం కష్టం. అక్కడ వ్యవధి 1.33 సెకన్లే, చేతిలో వచ్చే 0.1 సెకను తేడాయే ఏడెనిమిది శాతం అవుతుంది. ఫోన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టుకోవచ్చు. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 0.033 సెకను. అంతకంటే సరదాగా ఉండేది గెలీలియో నీటి పద్ధతే. బకెట్ అడుగు దగ్గర 3 మి.మీ. రంధ్రం ఉంటే, పైన 20 సెం.మీ. నీరు నిలిచినప్పుడు సెకనుకు సుమారు 8 గ్రాములు కారుతుంది. మొత్తం దొర్లుడుకి 40 గ్రాములు దాటి కారినా బకెట్లో మట్టం కదలదు కాబట్టి ధార తగ్గదు. సన్నటి సీసాతో చేస్తే మట్టం పడిపోయి చివరి వ్యవధులు తక్కువగా తూగుతాయి.

లోలకం: లెక్కపెట్టడంలో ఉంది మెలిక

దారాన్ని మేకుకి చుట్టొద్దు. ఊగేటప్పుడు చుట్టు విప్పుకుంటూ చుట్టుకుంటూ పొడవు మారుతుంది. రెండు చెక్కముక్కల మధ్య బిగించి, కింది అంచు నుంచి వేలాడదీయండి. 30, 50, 70, 90, 110 సెం.మీ. పొడవులతో ఒక్కోదానికి 20 డోలనాల కాలం కొలవండి. వెడల్పుగా ఊపకండి. 10 డిగ్రీల దాకా తప్పు 0.2 శాతం లోపే, 30 డిగ్రీలకి ఊపితే 1.7 శాతం దాటుతుంది.

గడియారాన్ని గుండు కొసన ఆగినప్పుడు కాకుండా, నడుమ గీతను దాటేటప్పుడు నొక్కాలి. కొసన గుండు నెమ్మదిగా ఉంటుంది, ఎప్పుడు తిరిగిందో కన్ను తేల్చలేదు. నడిమిలో వేగం ఎక్కువ కాబట్టి దాటిన క్షణం స్పష్టంగా పట్టుబడుతుంది. నొక్కేటప్పుడు ‘ఒకటి’ అనొద్దు, ‘సున్నా’ అనాలి. ‘ఒకటి’తో మొదలుపెట్టి 20 దగ్గర ఆపితే జరిగినవి 19 డోలనాలే. త్వరణం 39.48 (అంటే 4π²) × పొడవు ÷ కాలవర్గం కాబట్టి, ఈ ఒక్క తప్పుతో 9.8 రావాల్సింది 10.86 అవుతుంది. మీకు 10.8, 10.9 వచ్చిందంటే ఇంకెక్కడా వెతకనక్కర్లేదు, లెక్కపెట్టడం మళ్లీ చూసుకోండి.

కాలవర్గాన్ని నిలువు అక్షం మీద, పొడవును అడ్డం మీద పెట్టి గ్రాఫు గీయండి. సరళరేఖ వస్తుంది, దాని వాలు మీటరుకు 4.03 సె² దగ్గర ఉండాలి. రేఖ మూలబిందువు గుండా పోకుండా కాస్త పైన, 0.06 దగ్గర నిలువు అక్షాన్ని తాకిందనుకోండి. 0.06ను 4.03తో భాగిస్తే 1.5 సెం.మీ. వస్తుంది. మీరు దారాన్ని గుండు పైఅంచు దాకానే కొలిచారు, కేంద్రం దాకా కొలవలేదు. గుండు వ్యాసార్ధం 1.5 సెం.మీ. అన్నమాట. ఒక్క 30 సెం.మీ. కొలతతోనే లెక్క కట్టేసి ఉంటే 9.33 వచ్చి ఆగిపోయేవారు. గ్రాఫు గీస్తే వాలు ఆ తప్పు అంటకుండా 9.8నే ఇస్తుంది, తప్పు ఎంతో కూడా విడిగా చూపిస్తుంది. గ్రాఫు ఎందుకు గీస్తారన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు దొరకదు.

ఇదే లోలకం భూమి ఆకారం గురించి కూడా చెప్పింది. 1672లో జాన్ రిషే పారిస్ నుంచి భూమధ్యరేఖకు దగ్గరున్న కయెన్‌కు గడియారం తీసుకెళ్తే, అది రోజుకి సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అంటే అక్కడ గురుత్వం కాస్త తక్కువ, భూమి నడుమ దగ్గర ఉబ్బి ఉంది. సరిచేయడానికి లోలకాన్ని దాదాపు 2.8 మిల్లీమీటర్లు కురచ చేయాల్సి వచ్చింది. ఒక మీటరులో 2.8 మి.మీ. అంటే 0.28 శాతం. మీ కొలత ఆ తేడాను పట్టగలదా లేదా, గ్రాఫులో చుక్కల చెదురు చూసి తేల్చుకోండి.

వేడి

జౌల్ నీటిలో తెడ్లు తిప్పిన ప్రయోగాన్ని ఇంట్లో చేయబోకండి. కిలో బరువు ఒక మీటరు దిగితే వచ్చే శక్తి కిలో నీటిని వేడెక్కించేది 0.0023 డిగ్రీలే. మామూలు థర్మామీటర్‌కి అది తెలియదు. బదులుగా ఎలక్ట్రిక్ కెటిల్‌లో లీటరు నీటిని 50 డిగ్రీలు వేడిచేసి కాలం కొలవండి. 1500 వాట్లయితే అంచనా 140 సెకన్లు. కొలిస్తే ఎక్కువే వస్తుంది. కెటిల్ లోహం కూడా వేడెక్కాలి, కొంత వేడి గాలిలోకి పోతుంది, పైగా వోల్టేజి 5 శాతం తగ్గితే సామర్థ్యం 10 శాతం తగ్గుతుంది. నీటిని సగం చేసి మళ్లీ కొలిస్తే లోహం వాటా ఎంతో తెలిసిపోతుంది.

అయిర్‌స్టెడ్ నుంచి ఫారడే దాకా

1820లో కోపెన్‌హాగెన్‌లో హాన్స్ క్రిస్టియన్ అయిర్‌స్టెడ్ విద్యుత్తు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. చేయడం తేలికే, చేసేటప్పుడు తప్పడం ఇంకా తేలిక.

దిక్సూచిని ఇనుప కాళ్ల బల్లకి, ఫోన్‌కి, స్పీకర్లకి దూరంగా పెట్టండి. ముల్లు నిలిచాక, దానికి 2 సెం.మీ. పైన తీగను ముల్లుకి సమాంతరంగా, అంటే ఉత్తర దక్షిణాలుగా లాగి పట్టండి. మల్టీమీటర్ 10 ఆంపియర్ల సాకెట్టులోంచి 1.5 వోల్టుల మామూలు సెల్‌ని రెండు మూడు సెకన్లు మాత్రమే తాకించండి. అంతకు మించితే తీగా సెల్లూ రెండూ కాలతాయి. లిథియం బ్యాటరీని దీనికి అసలే వాడొద్దు.

2 ఆంపియర్లు పారితే 2 సెం.మీ. దూరంలో తీగ అయస్కాంత క్షేత్రం 20 మైక్రోటెస్లాలు (క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం). భూమి క్షేత్రపు సమతల భాగం చాలాచోట్ల 20 నుంచి 40 మధ్య ఉంటుంది. అది 20 అయితే ముల్లు 45 డిగ్రీలు, 40 అయితే 27 డిగ్రీలు తిరగాలి. వెనక్కి లెక్కగడితే మీరున్న చోట భూమి క్షేత్రం ఎంతో కూడా తేలుతుంది.

ముల్లు కదలకపోతే తీగ తూర్పు పడమరలుగా ఉందేమో చూసుకోండి. అప్పుడు తీగ క్షేత్రం ముల్లు ఉన్న దిశలోనే ఉంటుంది కాబట్టి దాన్ని పక్కకు తిప్పదు. విద్యుత్తు పారితే దాని దిశలోనే ఏదో లాగాలి గానీ అడ్డంగా ఎందుకు తిప్పుతుందని అప్పటివాళ్లకి వింతగా తోచింది. మీ చేయి కూడా మొదటిసారి తీగను ముల్లుకి అడ్డంగానే పెట్టాలని చూస్తుంది. ఒకసారి అలాగే పెట్టి, కదలకపోవడాన్ని కూడా నోటుబుక్కులో రాయండి.

ఇప్పుడు అదే దిక్సూచి చుట్టూ ఎనామిల్ తీగను ఉత్తర దక్షిణాలుగా 50 చుట్లు చుట్టండి. కొద్ది మిల్లీ ఆంపియర్లకే కదిలే గాల్వనోమీటర్, అంటే విద్యుత్తును పసిగట్టే సాధనం, తయారైంది. అయస్కాంతాన్ని కదిపి విద్యుత్తు పుట్టించే ఫారడే ప్రయోగానికి ఇది కావాలి. మల్టీమీటర్ సెకనుకి రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది, క్షణంలో వచ్చి పోయే విద్యుత్తును చాలాసార్లు తప్పిస్తుంది.

3 సెం.మీ. గొట్టం మీద 300 చుట్ల తీగచుట్ట చేసి, రెండు కొసల ఎనామిల్‌ని గరుకు కాగితంతో రాగి మెరిసేదాకా గీకండి. తీగ చూడటానికి రాగిలాగే ఉంటుంది కాబట్టి ఈ పని మర్చిపోయి గంటలకొద్దీ తలబాదుకుంటారు. ఆ కొసల్ని పొడవాటి తీగలతో గాల్వనోమీటర్‌కి కలిపి, దాన్ని 2 మీటర్ల దూరంలో పెట్టాలి. దగ్గరుంటే మీ చేతిలోని అయస్కాంతమే ముల్లును లాగుతుంది, తీగచుట్ట కాదు. ఇది తేల్చుకోవడానికి ఒక తీగ ఊడదీసి అయస్కాంతాన్ని అలాగే కదిపి చూడండి. అప్పుడూ ముల్లు కదిలితే దూరం చాలలేదు.

అంత దూరంలో ముల్లు కదలికను ఎవరు చూడాలి? ఈ ప్రశ్నే జెనీవాలో కొలడాన్ అనే శాస్త్రవేత్తను దెబ్బతీసింది. 1825లో అతను అయస్కాంతం ప్రభావం పడకూడదని గాల్వనోమీటర్‌ని వేరే గదిలో పెట్టాడు. అయస్కాంతాన్ని చుట్టలోకి దూర్చి, ఆ గదిలోకి నడిచి వెళ్లి చూశాడు. అప్పటికి ముల్లు సున్నాకి వచ్చేసి ఉంది. స్థిరంగా పారే విద్యుత్తు కోసం వెతికాడు గనక అతనికి అందులో లోపమేమీ కనిపించలేదు. 1831 ఆగస్టు 29న ఫారడే ఇనుప వలయం మీద రెండు చుట్టలు వేసి, ఒకదానిలో విద్యుత్తు మొదలైనప్పుడూ ఆగినప్పుడూ మాత్రమే రెండోదాని దగ్గర ముల్లు కదలడం గమనించాడు. మీరు ముల్లు వైపు ఫోన్ పెట్టి వీడియో ఆన్ చేసి చుట్ట దగ్గరికి రండి. అయస్కాంతాన్ని చటుక్కున లోపలికి దూర్చండి, అయిదు సెకన్లు కదపకండి, చటుక్కున బయటికి లాగండి. వీడియోలో ముల్లు ఒకవైపు ఎగిరి, తిరిగొచ్చి, ఊగి ఊగి నిలిచి, రెండోసారి అవతలివైపు ఎగరడం కనిపిస్తుంది. నెమ్మదిగా దూరిస్తే దాదాపు కదలదు. అయస్కాంత అభివాహం (చుట్ట గుండా పోయే క్షేత్రం మొత్తం) ఎంత ఉందన్నది కాదు, ఎంత వేగంగా మారుతోందన్నదే లెక్క అని అక్కడ కంటితో చూస్తారు.

వెంట్రుకతో కాంతి తరంగం

1803లో థామస్ యంగ్ సన్నని సూర్యకిరణానికి అంగుళంలో ముప్పయ్యో వంతు మందమున్న అట్టముక్క అడ్డం పెట్టి, నీడలో చారలు చూపించాడు. అట్టముక్కకి బదులు మీకు ఒక వెంట్రుక, సూర్యుడికి బదులు 1 మిల్లీవాట్ లేజర్. కిరణం గానీ, అద్దం మీద పడి తిరిగొచ్చేది గానీ కంట్లో పడకూడదు. కిరణాన్ని కంటి ఎత్తుకి బాగా కిందగా పెట్టుకోండి.

వెంట్రుకను కిరణానికి అడ్డంగా అతికించి, 3 మీటర్ల దూరంలో గోడ మీద కాగితం అంటించి చీకటి చారల దగ్గర పెన్నుతో గీతలు పెట్టండి. ఎడమవైపు మూడో చీకటి చార నుంచి కుడివైపు మూడో చీకటి చార దాకా కొలవండి. ఆ దూరం 167 మి.మీ. వస్తే, తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు అనుకుని, 6 × 650 నా.మీ. × 3 మీ. ÷ 0.167 మీ. = 70 మైక్రాన్లు. అదీ వెంట్రుక మందం. నడిమి వెలుగు పట్టీ మిగతావాటికి రెట్టింపు వెడల్పు ఉంటుంది. దాన్ని ఒక చార లెక్కన తీసుకుంటే ఆరుకి బదులు అయిదు పడి, జవాబు 58 మైక్రాన్లకి తగ్గిపోతుంది.

లేజర్ మీద 630–680 అని ఒక పరిధే రాసి ఉండటం మామూలు. నిజంగా ఎంతో సీడీతో తేల్చుకోవచ్చు. సీడీ గాడుల ఎడం 1.6 మైక్రాన్లు. అట్టలో చిన్న కన్నం పెట్టి, దానిలోంచి కిరణాన్ని 20 సెం.మీ. దూరంలోని సీడీ మీద నిట్టనిలువుగా పడనివ్వండి. తిరిగొచ్చిన మొదటి చుక్కలు కన్నానికి ఇరువైపులా 8.9 సెం.మీ. దూరంలో పడితే 650 సరే. రెండు పక్కలా దూరం సమానంగా లేకపోతే సీడీ కాస్త వంగి ఉంది.

కనిపించని వాటిని లెక్కపెట్టడం

ఒక్క ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచిన మిల్లికాన్ నూనె బిందువుల ప్రయోగం ఇంట్లో కష్టం, కానీ అందులోని వాదాన్ని త్రాసుతో చేయొచ్చు. ఒకే రకం మరలు కొన్ని కొన్ని చొప్పున పది అగ్గిపెట్టెల్లో ఎవరిచేతనైనా వేయించి మూయించండి. ఖాళీ పెట్టె బరువు తీసేస్తే 10.5, 17.5, 24.5, 14.0, 28.0 ఇలా వస్తాయనుకోండి. తేడాలన్నీ 3.5కి గుణిజాలు. ఒక మర 3.5 గ్రాములు అనిపిస్తుంది. కానీ పెట్టెలన్నిటిలో సరిసంఖ్యలోనే మరలు పడి ఉంటే, అసలు మర బరువు ఇందులో సగమే కావచ్చు. పెట్టెలు ఎక్కువయ్యేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. మిల్లికాన్ అంత ఎక్కువ బిందువుల్ని కొలవడం వెనక కారణమదే. అతని ఎలక్ట్రాన్ ఆవేశం 1.592, ఇవాళ్టి విలువ 1.602 (రెండూ పది ఘాతం మైనస్ 19 కూలుంబులు). బిందువుల్ని లెక్కపెట్టడంలో తప్పులేదు, లెక్కలో వాడిన గాలి స్నిగ్ధత విలువే కొంచెం తక్కువ.

1909లో గైగర్, మార్స్‌డెన్ ప్లాటినం రేకు మీద ఆల్ఫా కణాల్ని పంపితే దాదాపు 8000కి ఒకటి వెనక్కి తిరిగింది. వాళ్లని ఆ పనికి పెట్టిన రూథర్‌ఫర్డ్ 1911లో పరమాణువుకి చిన్న కేంద్రకం ఉందని దానినుంచే తేల్చాడు. కంటికి కనపడని దాని సైజును తగిలిన లెక్కతో కొలవడం గోళీలతో చేయొచ్చు. 60 సెం.మీ. వెడల్పున్న చోట ఆరు గోళీల్ని ఒకదాని వెనక ఒకటి దాగకుండా నేలకి అతికించి, పైన అట్ట కప్పండి. అదే సైజు గోళీని 200 సార్లు కిందనుంచి దొర్లించి ఎన్నిసార్లు తగిలిందో శబ్దాన్ని బట్టి లెక్కపెట్టండి. గురి పెట్టకూడదు. మనిషి చేయి తెలియకుండానే మధ్యకి దొర్లిస్తుంది, కాబట్టి అంచు పొడవునా 60 గళ్లు గీసి, ఏ గడి నుంచి వదలాలో చీటీలు తీసి నిర్ణయించండి.

62 సార్లు తగిలిందనుకోండి. తగిలిన వంతు 0.31, దాన్ని 60 సెం.మీ.తో గుణించి ఆరుతో భాగిస్తే 3.1 సెం.మీ. గోళీని వెర్నియర్‌తో కొలిస్తే 1.55 ఉంటుంది. సరిగ్గా రెట్టింపు ఎందుకొచ్చిందంటే, దొర్లే గోళీకి కూడా వెడల్పు ఉంది. దాని కేంద్రం అతికించిన గోళీ కేంద్రానికి ఒక వ్యాసం దూరంలోకి ఎటునుంచి వచ్చినా తగులుతుంది. అంటే ఒక్కో గోళీ అడ్డుకునే వెడల్పు రెండు వ్యాసాలు. రెండో రౌండులో సగం సైజు గోళీల్ని దొర్లించి, ఆ వెడల్పు ఎంత తగ్గాలో ముందే పెన్నుతో రాసుకోండి.